తగ్గుదలకు కారణం

కుర్చీలో కూలబడి రెండు గ్లాసుల నీళ్ళు తాగాక గానీ ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు మాట్లాడలేకపోయాడు.

"ఎండలో పడొచ్చారు, పాపం," అన్నాడు డాక్టరు.

ఊపిరితిత్తుల ఆసుపత్రి అది. కొత్త భవనంలోకి మారి అయిదు నెలలైంది. గోడలకు సున్నం వాసన ఇంకా పోలేదు.

ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచాడు.

"పోయినేడు మే నెలలో మూడొందల ఎనభై మంది రోగులు. ఈ మే నెలలో నలభై ఒక్కరు. ఊళ్లో మిగతా ఆసుపత్రుల్లో గీత పైకి పోతోంది. మీ దగ్గరొక్కచోటే కిందికి దిగుతోంది. ఎలాగండీ?"

ఫారంలో ఆఖరి గడి ఖాళీగా ఉంది. 'తగ్గుదలకు కారణం.' అది నిండితేనే ఫైలు కదులుతుంది. ఫైలు కదిలితేనే డాక్టరుకి పదేళ్ళుగా రాని ప్రమోషన్ వస్తుంది.

"పొగ గురించి జనానికి చెప్పాం సార్. పోస్టర్లు అంటించాం."

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి చూశాడు. బస్సు డిపో కప్పుల మీదుగా ఇటుక బట్టీల గొట్టాలు కనిపించాయి. లెక్కపెట్టాడు. ఏడు. ఏడూ పొగ కక్కుతున్నాయి.

"వీళ్ళు మీ పోస్టర్లు చదవలేదల్లే ఉంది?"

"వాళ్ళు మారలేదు సార్. జనమే గట్టిపడ్డారు."

"నిజం సార్," నర్సు అందుకుంది. "ఇదివరకు వచ్చినవాళ్ళు పేరు చెప్పడానికే మూడుసార్లు ఆగేవాళ్ళు. ఇప్పుడొచ్చేవాళ్ళు గుండ్రాళ్ళు! మొన్నొకాయన టెస్టు గొట్టం ఊదితే ముల్లు చివరికంటా పోయింది."

ఇన్‌స్పెక్టరు పాత రిజిస్టరు తిరగేశాడు. ఒక పేజీ దగ్గర వేలు ఆపాడు.

"నూలు మిల్లులో పనిచేసిన ముసలాయన. ప్రతి సోమవారం వచ్చేవాడు. డిసెంబరు తర్వాత లేడు. పోయాడా?"

"ఎంత మాట సార్!" అన్నాడు డాక్టరు. "నయమై ఉంటుంది. నయమయ్యాక ఇటు తొంగిచూసేదెవరు? ఏరు దాటి తెప్ప తగలేసే రకాలు."

"ఇవాళా సోమవారమే."

"రాలేదుగా! చూశారా మరి?" అంది నర్సు, కేసు గెలిచినట్టు.

కుర్రాడు టీ తెచ్చాడు. చల్లారిపోయి ఉంది.

"వీడి టీ ఎప్పుడూ ఇంతే," అన్నాడు డాక్టరు. "మా లెక్క మాత్రం పక్కా సార్. ఈ గుమ్మం దాటి రిజిస్టరులో ఎక్కినవాడే రోగి. ఒక్కణ్ణీ తగ్గించలేదు, ఒక్కణ్ణీ పెంచలేదు."

ఇన్‌స్పెక్టరు నెలవారీ అంకెల మీద మరోసారి వేలు నడిపాడు. డిసెంబరు దాకా వందల్లో ఉన్నాయి. జనవరి నుంచి పడిపోయాయి.

"మీరు ఇక్కడికి మారింది ఎప్పుడన్నారు?"

"డిసెంబరు ఆఖర్లో సార్. గాలీ వెలుతురూ బ్రహ్మాండం."

"మరదే కదండీ!"

గడిలో 'కొత్త భవనం' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు. డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు.

ఫైలు చంకన పెట్టుకుని, బిగించిన రోజు నుంచీ కదలని లిఫ్టు పక్కగా ఇన్‌స్పెక్టరు నూట నాలుగు మెట్లలో సగం దిగేసరికి, మలుపులో చతికిలబడి దగ్గుతున్న ఓ ముసలాయన పాత చీటీ చాచి, "నూలు మిల్లువాడు... ఈసారి... ఇక్కడిదాకా... వచ్చాడని... పైన చెప్పండి బాబూ," అన్నాడు.