ఆ ఒక్క అరుపు

హాకీ మైదానంలో మావాడు మరో బంతి ఆపాడు. నేను లేచి చప్పట్లు కొట్టాను. మా ఆయన మాత్రం మెడలో పచ్చ మఫ్లర్‌తో బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? గోల్ కాస్తున్నది మీ కొడుకండీ!"

"తెలుసులేవే. కొత్త జట్టు కదా, అరవడానికి నోరు రావట్లేదు."

నలభై ఏళ్ళు ఎర్ర జట్టుకే అరిచిన గొంతు అది. ఆ జట్టే మావాణ్ణి పనికిరాడని పంపేసింది. పచ్చ జట్టు చేరదీసింది. "ఇక మనదీ పచ్చ జట్టే" అంటూ పొద్దున ఎర్ర చొక్కా అటక మీద పడేసింది ఈ మనిషే.

ఆట ముగియబోతుండగా ఎర్ర జట్టువాడు కర్ర ఝళిపించాడు. బంతి మావాడి కాలి పక్కనుంచి వలలో పడింది.

"గోల్!" మా ఆయన లేచి గంతేశాడు.

మా వరుసంతా ఆయనవైపు తిరిగింది. మావాడు హెల్మెట్ తీసి మావైపే చూశాడు. నేను చొక్కా పట్టుకుని లాగితే ఆయన కూలబడి, మఫ్లర్‌లో మొహం దాచుకున్నాడు.

ఆట అయ్యాక మావాడు సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

"అలవాట్లో నోరు జారిందిరా," అన్నాడాయన.

"ఎన్ని బంతులు ఆపానో నాన్నా. ఆపినప్పుడల్లా నీ గొంతు వినిపిస్తుందేమోనని చూశాను," అన్నాడు వాడు. "ఆ ఒక్కదానికే వినిపించింది."