ఆదివారం తలంటు

దువ్వెనలో మళ్ళీ జుట్టు చుట్ట కట్టింది.

తల్లి దాన్ని వేలికి చుట్టి తీసింది. నేరుగా బాత్రూంలోకి పోయి షాంపూ సీసా, కండిషనరు, ఏవో రంగు రంగుల డబ్బాలు ఒడి నిండా వేసుకొచ్చి చెత్తబుట్టలో కుమ్మరించింది. సగం కూడా వాడనివి.

"ఇక ఈ ఇంట్లో రసాయనాల సీసా అడుగు పెడితే ఒట్టు అత్తయ్యా," అంది.

"నేను ఎప్పట్నుంచి మొత్తుకుంటున్నానమ్మాయ్," అంది అత్త, కుర్చీలోంచి కదలకుండానే. "ఊళ్ళో నెత్తులన్నీ నువ్వే కడుగుతావు. ఇంట్లో పిల్ల నెత్తి చూస్తే కోడి కెలికిన కుప్ప."

ఆ మాట ముల్లులా దిగింది. అబద్ధమైతే కదా, తిరిగి అనడానికి. ఆమెది బ్యూటీ పార్లరులో తలలు కడిగే పని. పొద్దున పోతే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. వచ్చేసరికి వేళ్ళు నాని ముడతలు పడి ఉంటాయి. మొగుడు లారీ ఎక్కాడంటే ఎప్పుడు దిగుతాడో వాడికే తెలీదు. కూతురు గువ్వకు కాస్త ఊహ వచ్చిందో లేదో, సీసా చేతికిచ్చి "నువ్వే పోసుకో తల్లీ" అనడం అలవాటైపోయింది.

ఆదివారాలు మధ్యాహ్నం నుంచి వస్తానని పార్లరు నడిపే మేడమ్‌ను కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది. మందారాకు రుబ్బింది. గువ్వను పీట మీద కూర్చోబెట్టి, ముద్ద పట్టించి, మాడంతా వేళ్ళ కొసలతో మెల్లగా రుద్దింది.

గువ్వ నోటికి తాళం లేదు. పక్క పిల్లకు పన్ను ఊడి సాంబారులో పడిన సంగతి, టీచరు కుర్చీ విరిగి కూలబడిన సంగతి, కొండంత చేసి చెప్పింది. తల్లికి ఒక్క ముక్కా చెవికెక్కలేదు. ఆమె చూపంతా నీళ్ళతో పాటు జారిపోయే వెంట్రుకల మీదే ఉంది.

కొన్ని వారాలకు దువ్వెన శుభ్రంగా వచ్చింది.

"గట్టెక్కాం అత్తయ్యా," అంది తల్లి. ఎన్నాళ్ళకో నవ్వింది. "గువ్వా, ఇక ఆదివారాలు నేను పొద్దున్నే పోవాలి. మేడమ్ మొహం ముటముటలాడిస్తోంది. రసం తీసి పెట్టి పోతాను, నువ్వే పోసుకో. సరేనా?"

గువ్వ తలూపింది.

మర్నాడు దువ్వెనలో మళ్ళీ చుట్ట. ఈసారి ఇంకా లావుది.

"అప్పుడే సంబరపడ్డావు," అంది అత్త. "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, ఇందుకే కాబోలు."

కుంకుడు పడలేదేమో అనుకుని, మళ్ళీ ఆదివారం పొద్దుటిపూట ఇంట్లో ఆగి కలబంద పట్టించింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. మెంతులు రుబ్బింది. మళ్ళీ అంతే. చెవి వెనక బొత్తామంత మేర నున్నగా తేలింది. డాక్టరు భూతద్దం పెట్టి చూసి, కుదుళ్ళు గట్టిగానే ఉన్నాయన్నాడు. మరెందుకు ఊడుతోందంటే, పెదవి విరిచాడు. పార్లరులో ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఒత్తుగా పెరిగే ఉపాయాలు చెప్పే మనిషి, ఇంటికొచ్చి కూతురి తల ముందు చేతులు ముడుచుకుని కూర్చునేది.

శనివారం మేడమ్ పిలిచింది.

"రేపు పొద్దున్నే రావాలి. రాలేనంటే ఇక ఎప్పుడూ రానక్కర్లేదు."

"పాపకు బాగాలేదు మేడమ్."

"జుట్టేగా ఊడుతోంది. ప్రాణం కాదు కదా."

ఆ ఇల్లు గడిచేది ఆ చేతుల మీదే.

ఆదివారం పొద్దున మెంతి ముద్ద గిన్నెలో తీసి మూత పెట్టింది. చెప్పులు వేసుకుంటుంటే గువ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వెళ్ళిపోతున్నావా?"

"వెళ్ళాలే."

"ఇంకా ఊడుతోంది కదమ్మా."

"ఏం చెయ్యమంటావు నన్ను?" అంది తల్లి. "నాకు తెలిసిందల్లా చేశాను. ఇంకేం తెలీదు నాకు. నానమ్మ రుద్దుతుందిలే."

"నానమ్మకు చేతులు నొప్పులు."

"అయితే నువ్వే రుద్దుకో."

వెనక్కి చూడకుండా వీధిలోకి నడిచింది. చూస్తే కాలు కదలదని తెలుసు.

బస్సు ఆగే చోట నిలబడ్డాక గుర్తొచ్చింది, ముద్ద కడిగేటప్పుడు వేడినీళ్ళు వాడొద్దని చెప్పనేలేదు. ఉన్న నాలుగు వెంట్రుకలూ పోతాయి. బస్సు వస్తే వచ్చిందని వెనక్కి పరుగెత్తింది. అత్త కుర్చీలో కునుకుతోంది. లేపడమెందుకని పక్కసందు వైపు తిరిగి, గువ్వను పిలుద్దామని గది కిటికీ దగ్గరికి వెళ్ళింది.

లోపల, అద్దం వైపు చెవి తిప్పి, నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకుంటూ, గువ్వ ఆ నున్నటి మచ్చ అంచు నుంచి ఒక్కొక్క వెంట్రుకే పీక్కుంటోంది.