గని వాకిట్లో

పాడుబడిన నాపరాళ్ల గని వాకిట్లో కృష్ణవేణమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"మూడు దినాల్లో వస్తానని పోయి పది దినాలకా వచ్చేది? నా కొడుకు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలే."

"నాయనకు శానా బాగలేదత్తా. దోవ ఇడువు," అంది నాగజ్యోతి.

"ఎవురే నీకత్త? ఈ సంబంధం నేనెప్పుడు ఒప్పుకున్నా?"

లోపల డ్రాగన్ మూలిగింది. శాపం తగిలి హర్షవర్ధన్ అలా మారినప్పటి నుంచి, ఆ మంటకు భయపడి తల్లి కూడా గనిలో అడుగుపెట్టలేదు. నాగజ్యోతి ఒక్కతే రోజూ లోపలికి పోయి దూరంగా కూర్చుని మాట్లాడేది.

"పానం పోయేటప్పుడు మంట ఎక్కువుంటాది. కాలిపోతావు," అంది కృష్ణవేణమ్మ.

"కాలిపోనీ. పెండ్లి చేసుకుంటావా అని ఆయప్ప దినామూ అడిగినాడు. ఒక్కసారన్నా ఊ అనలేదు నేను. ఇప్పుడు చెప్పల్ల."

కృష్ణవేణమ్మ ఆమె ముఖంలోకి చూసింది. చేతులు మాత్రం దించలేదు.

"అట్లే పోతావా? మొగుని పేరు చెప్పి లోపలికి పో. అడిగేకి ఆడబిడ్డ లేదు, నేనే అడుగుతాండా."

నాగజ్యోతికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"హర్షవర్ధన్," అని గట్టిగా అరిచింది.

లోపల మూలుగు ఆగిపోయింది. అత్తాకోడళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లోపలికి పరుగెత్తారు.