బంగార్రాజు కళ్ళు

గాలి మళ్ళింది. గిలకలదిండి హార్బరుకు చేరాలంటే ముందు మొగ దాటాలి. సముద్రంలోంచి లోపలికి వచ్చే ఆ ఇరుకు దారికి రెండు పక్కలా ఇసుక మేటలే. మేటల అంచున పాతిన సరుగుడు కర్రలే గుర్తు. కర్రకి ఇవతల నీళ్ళు, అవతల చావు.

బోటు నడుపుతున్న మాణిక్యానికి ఆ కర్రలు చూపుకు అందడం లేదు. గొట్టంలోంచి చూసినట్టు ముక్కుకు సూటిగా ఉన్న నీళ్ళే కనిపిస్తున్నాయి. పక్కలన్నీ మసి. తల తిప్పి వెతికేలోపు కర్ర వెనకబడుతోంది.

మొన్న బందరులో కంటి డాక్టరు తేల్చేశాడు.

"ఈ చుక్కల్లో స్టెరాయిడ్ ఉందయ్యా. ఎన్నాళ్ళుగా వేస్తున్నావు?"

"మూడేళ్ళ నుంచండీ. డీజిలు పొగకీ ఉప్పుగాలికీ కళ్ళు మండుతుంటే మందుల షాపులో ఇచ్చారు. వేస్తే ఇట్టే చల్లబడేదండీ."

"చల్లబరుస్తూనే కంట్లో ప్రెషరు పెంచి నరాన్ని చంపింది. పోయిన చూపు రాదు. ఉన్నది దక్కించుకో."

మాణిక్యం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఓనరు ఆ పూటే దింపేస్తాడు. వల లాగే వయసు దాటిపోయింది. ఒడ్డున కూర్చోబెట్టి కూడు పెట్టేవాళ్ళు లేరు. ఆ మందు సీసా బోటులో అందరిదీ, ఎవరి కళ్ళు మండినా అదే వేసుకుంటారు. పారేయాలన్నా కారణం చెప్పాలి.

అతని ధైర్యమంతా బంగార్రాజు. మొగలో ఒకడు బోటు ముందు నిలబడి దారి కేకేయడం ఎప్పట్నుంచో ఆనవాయితీ, ఆ పని బంగార్రాజుది.

"ఎడంకి కొట్టు బావా! ఆఁ, చాలు, నిలబెట్టు!"

"కర్ర ఎంత దూరం?"

"చెయ్యి చాపితే తగులుద్ది. అన్నీ నన్నే అడుగుతావేంటి, నీ కళ్ళేమన్నా కాకులెత్తుకెళ్ళినియ్యా?"

వెనక చేపలు ఏరుతున్నవాళ్ళు పగలబడి నవ్వారు.

అడుగున ఇసుక గీరుకుంది. బోటు ఒక పక్కకి ఒరిగింది. వెనక కెరటం లేచింది.

"ఎటు బావా?" మాణిక్యం అరిచాడు.

బంగార్రాజు అంచు పట్టుకుని నీళ్ళ మీదకి వంగాడు.

"ఎటో చెప్పు! నాకు పక్కలు కనపట్టం లేదు. ఏడాది నుంచీ నీ కేక మీదే తిప్పుతున్నా!"

బంగార్రాజు వెనక్కి తిరిగాడు.

"నువ్వు చూసుకుంటన్నావు గదా అని అలవాటుకొద్దీ అరుస్తన్నా బావా, నాకా కర్రలు ఎప్పుడో కనపట్టం మానేసినియ్!"