రెండో సర్వర్ వైర్లు

యమున ఉద్యోగం ఊడగొట్టాలంటే రెండు వైర్లు పీకితే చాలు. ఎప్పుడు పీకాలన్నదే దివాకర్ చూస్తున్నాడు.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల చేనుకో ఇంజినీరింగ్ కాలేజీ లేస్తున్న రోజులవి. కొంగరకలాన్‌లో పొలం అమ్మి మల్లేశయ్య పెట్టిన కాలేజీలో దివాకర్ కంప్యూటర్ల ఇన్‌చార్జి. టై బిగించుకుని ఏసీ గదిలో కూర్చుంటాడు. ఏది చెడిపోయినా "ఒకసారి బంద్ చేసి ఆన్ చెయ్యుండ్రి" అంటాడు. ఏళ్ల తరబడి ఆయనగారు చేసిన ఉద్యోగం ఇంతే.

అంతటి మహానుభావుడి పక్కకు, యాచారం నుంచి బస్సులో వచ్చే యమునను అసిస్టెంటుగా తెచ్చిపెట్టారు. పైగా, పిల్లలకు ఉద్యోగాలిచ్చే కంపెనీ పెడుతున్న ఆన్‌లైన్ పరీక్ష సాఫీగా జరిగితే ఇన్‌చార్జి కుర్చీ ఆమెదేనని మల్లేశయ్య మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి దివాకర్‌కు ముద్ద దిగడం లేదు.

"ఒక్కో సర్వర్‌కు ఒక్కటే నెట్‌వర్క్ వైరుంది సార్. అది పోతే పరీక్ష ఆగుతది. రెండు వైర్లు పెట్టి బాండింగ్ చేస్తే ఒకటి పోయినా రెండోది నడిపిస్తది" అంది యమున, మీటింగులో.

"నడుస్తున్న సర్వర్లను గెలుకుతవా? నీ కోసం కాలేజీ బంద్ పెట్టాల్నా?" అన్నాడు దివాకర్.

"అక్కర్లేదు సార్. ఒకదాని తర్వాత ఒకటి చేస్త. ఏదీ ఆగదు."

"అదెట్లనో జర చెప్పు బిడ్డా" అన్నాడు మల్లేశయ్య.

ఆమె బోర్డు మీద గీయడం మొదలుపెట్టగానే దివాకర్ చాయ్ తాగడానికి లేచిపోయాడు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల దగ్గర పాఠాలు వినే ఖర్మ ఆయనగారికేం పట్టింది!

పరీక్ష రోజు వచ్చింది. ఉన్న మూడు సర్వర్లలో పరీక్ష నడిచేది రెండో దాని మీద. దివాకర్‌కు ఖాయంగా తెలిసిన నాలుగు ముక్కల్లో అదొకటి. సర్వర్ గది తాళంచెవి ఎలాగూ ఇన్‌చార్జి జేబులోనే ఉంటుంది. పిల్లలు అవతలి బిల్డింగులో పరీక్ష రాస్తుండగా తలుపు తీసి లోపలికి దూరాడు. రెండో సర్వర్ వెనక పాత వైరూ కొత్త వైరూ పక్కపక్కనే బిగించి ఉన్నాయి.

"ఒకటి పోతే రెండోది నడిపిస్తదట! రెండూ పోతే నీ తాత నడిపిస్తడా?" అని గొణిగి, రెండూ పీకి కిందపడేశాడు. పచ్చ లైట్లు ఆరిపోయాయి. ఒక్క వైరుతో సరిపెట్టని తన తెలివికి తనే తెగ మురిసిపోయాడు.

ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్లదే మాట అని ఆయన లెక్క. అందుకే పరీక్ష హాలు వైపు తొంగి కూడా చూడకుండా, గదికి తాళం వేసి నేరుగా మల్లేశయ్య దగ్గరికి పరుగెత్తాడు. యమున అక్కడే ఉంది. ఇంకా మంచిదనుకున్నాడు.

"కొంప మునిగింది సార్! పరీక్ష ఆగిపోయింది. రెండో సర్వర్ వైర్లు రెండూ ఊడి కిందపడ్డయ్. ఈమె సరిగ్గ బిగియ్యనే లేదు. అక్కడ పిల్లలు ఏడుస్తున్నరు!"

మల్లేశయ్య కంగారుగా హాల్లో పరీక్ష రాయిస్తున్న భవాని మేడంకు ఫోన్ చేశాడు. మాట్లాడి, ఫోన్ పెట్టేసి, దివాకర్‌ను ఎగాదిగా చూశాడు.

"అందరు మంచిగనే రాస్తున్నరట. ఏందయ్యా, నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ఉత్త మాట సార్! ఆ సర్వర్ సచ్చిపోయింది. నా కండ్లతోని చూసొస్తున్న!"

యమున ఆయన జేబులో గలగలమంటున్న తాళాల గుత్తిని చూసింది.

"బాండింగ్ చేసేముందు ఆ సర్వర్ మీద నడిచేటివన్నీ పక్క సర్వర్ల మీదికి జరుపుతం సార్. ఇయ్యాల రెండోదాని వంతు. పరీక్ష పక్కదాని మీద నడుస్తున్నది, ఇది పొద్దుగాల నుంచి ఖాళీగనే ఉన్నది" అంది మల్లేశయ్యతో. "అది సచ్చిన సంగతి సంపినోనికి తప్ప ఇంకెవ్వరికి తెలుస్తది?"