ఆరడుగుల నాలుగంగుళాల పెట్టె

మెర్విన్ ఆఖరి మరమేకు బిగించబోతుంటే రంగిమారీ వచ్చి మూత మీద కూర్చుంది.

"లే రంగీ, పని చేసుకోనీ."

"ఈ పెట్టె నాక్కావాలి."

"మళ్ళీనా?"

అది అతని శవపేటిక. తోకొరోవా అనే ఆ ఊళ్ళో ముసలివాళ్ళు కొందరు ప్రతి బుధవారం ఆ పాత రేకుల షెడ్డులో చేరి ఎవరి పెట్టె వాళ్ళే చేసుకుంటారు. రంపాలు, రంగులు, మధ్యలో టీ, ఒకరి మీద ఒకరు వెటకారాలు. ఒకావిడ తన పెట్టె నిండా గులాబీలు వేసుకుంది. ఒకాయన తనదాన్ని ఇంట్లో నిలబెట్టి పుస్తకాలు సర్దుకున్నాడు. ఈ సంతంతటికీ పెద్ద రంగిమారీ. మనిషి చూస్తే నాలుగడుగుల పదంగుళాలు, గొంతు మాత్రం ఊరంత.

మెర్విన్ సరదాకి రాలేదు. ముప్పై అయిదేళ్ళు కలప కోతమిల్లులో పనిచేసిన మనిషి. భార్య ఎడ్నా పోయింది. పిల్లలు లేరు. పొద్దున్నే మెలకువ వస్తుంది, ఎందుకొచ్చిందో తెలియదు. టీ కాచుకుంటాడు, తాగేలోపు చల్లారిపోతుంది. ఇంకా బతికి ఎవరిని ఉద్ధరించాలి? విసుగొచ్చేసింది. పెట్టె పూర్తయిన రోజున తనంతట తనే వెళ్ళిపోవాలని ఒట్టు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు పైన్ దుంగలు కోసినవాడు చివరికి కొట్లో కొన్న అట్టముక్కల పెట్టెలో పోతే నలుగురూ నవ్వరూ? అందుకే ముందు పెట్టె, తర్వాతే ప్రయాణం.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజు రంగిమారీ "అంత తొందరేంటయ్యా?" అంటే మాత్రం, "ఇదైపోతే నా పనీ అయిపోయినట్టే" అన్నాడు. ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి, టీ పోసి వెళ్ళిపోయింది.

మొదటి పెట్టెకి రంగు కూడా వెయ్యలేదు. అది పూర్తయిన రోజే రంగిమారీ అతని చేతులు పట్టుకుంది. "ఎవరో లారీ డ్రైవర్, ఉన్నట్టుండి పోయాడు. ఇంట్లోవాళ్ళకి దిక్కు తోచట్లేదు. నీది ఇవ్వు, నువ్వు ఇంకోటి చేసుకుందువుగాని." కాదనలేకపోయాడు. అంత్యక్రియలకి వస్తానంటే, "వద్దులే, వాళ్ళకి కొత్తవాళ్ళంటే మొహమాటం" అంది.

రెండోది, నీలం రంగుది, ఎవరిదో మేనమామకి పోయింది. మూడోదాని మీద మెర్విన్ చేప బొమ్మ వేశాడు. అది అచ్చం చెప్పులా వచ్చింది. షెడ్డంతా వారం రోజులు నవ్వారు. అదీ పోయింది. నాలుగోది, అయిదోది కూడా అంతే. ఒక్కోదానికి మూడేసి నెలలు.

ఇప్పుడిది ఆరోది.

"ఈసారి ఎవరు?" అన్నాడు.

"ఏటి అవతల ఒక ముసలాయన. పాపం."

"నా పెట్టె ఆరడుగుల నాలుగంగుళాలు. ఈ ఊళ్ళో చచ్చేవాళ్ళంతా నా పొడుగేనా?"

"పొట్టివాడైతే సుఖంగా కాళ్ళు చాపుకుంటాడు. నీ సొమ్మేం పోయింది?"

"నా పెట్టె పోయింది! నన్ను చావనివ్వవా నువ్వు?"

నోరు జారాడు. రంగిమారీ నవ్వలేదు.

"చద్దువుగాని, ముందు టీ తాగు. వచ్చే బుధవారానికి మంచి చెక్క తెప్పిస్తాను. ముడులు లేనిది."

తిట్టుకుంటూనే పెట్టెని ఆమె వ్యానులోకి ఎక్కించాడు. ఈసారి మూలలు మేకుల్లేకుండా కలపాలి అని ఇంటిదాకా ఆలోచిస్తూనే నడిచాడు.

ఏడోది జనవరిలో, ఆ దేశపు నడివేసవి ఎండల్లో పూర్తయింది. చెయ్యి వేస్తే జారిపోయేంత నునుపు. ఆఖరి మర బిగించి గుమ్మం వైపు చూశాడు. ఎవరూ రాలేదు. ఇంకాసేపు చూశాడు. అడిగే మనిషి రాకపోతే ఇక తన ఒట్టుకి అడ్డం లేదు. ఆ మాట తోచగానే, అతనికే ఆశ్చర్యంగా, గుండెలో దిగులు పుట్టింది.

అప్పుడు షెడ్డులో ఫోను మోగింది. పొద్దున టీ తాగుతూనే రంగిమారీ పోయిందట.

రంపాలు ఆగిపోయాయి. గులాబీల పెట్టె ఆవిడ అంది, "అవునూ, రంగి పెట్టె ఏదీ?"

లేదు. ఊరందరి చేతా చేయించిన మనిషి తనకోసం ఒక్కటీ చేసుకోలేదు.

"నాది తీసుకెళ్తాను" అన్నాడు మెర్విన్. ఈసారి ఎవరూ అడగలేదు.

"అంత పొడుగుదా? మనిషి ఇంతే కదయ్యా!" అన్నారెవరో.

"సుఖంగా కాళ్ళు చాపుకుంటుంది" అన్నాడు.

పెట్టెని తన డొక్కు ట్రక్కు మీద వేసుకుని రంగిమారీ ఇంటికి బయలుదేరాడు. ఎనిమిదోది మొదలెట్టాలి, రేపు చెక్క ఎవరు తెప్పిస్తారో కనుక్కోవాలి అనుకున్నాడు. దారంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆరు కొంపల్ని గట్టెక్కించాను, ఆవిడ చెయ్యి పట్టి అడగబట్టి కదా అనుకున్నాడు. ఆ మాత్రానికైనా బతికినట్టే.

రంగిమారీ కూతురు తియా వాకిట్లోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. ట్రక్కు మీది పెట్టెని చూసింది, అతని పొడుగు చూసింది.

"మీరేనా మెర్విన్ అంకుల్? అయ్యో, మళ్ళీ ఇంకోటెందుకు తెచ్చారు?" అంటూ గరాజు తలుపు పైకెత్తింది.

లోపల గోడవార మూడేసి చొప్పున, ఒకదాని మీద ఒకటి, ఆరు పొడుగాటి పెట్టెలు దుమ్ముపట్టి ఉన్నాయి, ఒకదాని మీద చెప్పులాంటి చేప.