రెండు గంటల చుక్కలు

ఆ ఆదివారం ఉదయం నేను కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా తమ్ముడు ఫోను పట్టుకుని వచ్చాడు. అమ్మ కంటి ఆపరేషన్ అయ్యాక, చుక్కల మందు వేసినప్పుడల్లా ఒక వరుస ఎక్కించమని తమ్ముడే మా అందరి ఫోన్లలోనూ కనిపించే పట్టిక ఒకటి తయారుచేశాడు. పొద్దుటి చుక్కలు నా వంతు, మధ్యాహ్నానివి వాడి వంతు. ఎక్కించిన వేళ కూడా పక్కనే పడుతుందని మాత్రం నాకు చెప్పలేదు.

“వారం చుక్కలన్నీ ఇవాళ పొద్దున్న ఏడు గంటల పన్నెండు నిమిషాలకే వేశావా అక్కా? అమ్మ కన్నేమన్నా బకెట్టా?”

“రోజూ పొద్దున్నే వేసి క్యాలెండర్లో టిక్కు పెట్టుకున్నానురా. అన్నీ ఇందాక ఎక్కించాను.”

కళ్ళజోడు పెట్టుకుని వాడి వరుసలు చూశాను. అన్నీ సరిగ్గా మధ్యాహ్నం రెండింటికే. సెకను తేడా లేదు.

“నిన్న రెండింటికి నేను అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను కదరా. నువ్వు అక్కడికెప్పుడొచ్చావు?”

వాడు తల గోక్కున్నాడు. “మర్చిపోతానని... రోజూ రెండింటికి వరుస దానంతటదే ఎక్కేలా ఫోనులో పెట్టానక్కా.”

“చుక్కలు కూడానా?”

లోపలినుంచి అమ్మ అంది: “వాణ్ణేమీ అనకే. మధ్యాహ్నం నేనే వేసుకుంటున్నాను. సగం బుగ్గ మీదే పడుతోంది.”

సాయంత్రం ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. చుక్కలు మేమే వేయాలి; కంట్లో పడ్డాక వరుస ఎక్కించేది అమ్మ. నా ప్రార్థనలకూ వేళ పడే పట్టిక ఒకటి పెడదామన్నాడు తమ్ముడు. దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు.